ఆడితే వచ్చేది ఏ చదువు? తరగతి గదిలో ఆటలు, సిమ్యులేషన్లు

"బడికి పంపేది ఆడుకోనీకా సార్?" నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు పేరెంట్స్ మీటింగుల్లో తరచూ వినిపించే ప్రశ్న ఇది. కూలికి పోయి, అప్పు తెచ్చి పిల్లలను చదివించే ఇంట్లో ఈ ప్రశ్న పుట్టడం సహజం. సర్కారు బడిలో చూస్తే చిన్న తరగతుల ముందు కార్డులు, చింతగింజలు పరిచి ఉంటున్నాయి. హైస్కూల్లో గోడకు పెద్ద టచ్ ప్యానెల్ వచ్చింది. ప్రైవేటు బడి కరపత్రంలో 'ఆటలతో చదువు' అని పెద్ద అక్షరాల్లో అచ్చవుతోంది. ఇంకోపక్క ఫోన్లో బెట్టింగ్ యాప్‌ల పాలై డబ్బు పోగొట్టుకున్న కుర్రాళ్ల వార్తలు రోజూ చదువుతున్నాం. వీటన్నిటినీ కలిపి చూసే తల్లిదండ్రులకు అయోమయంగా ఉండటంలో వింత లేదు.

ముందు ఈ మార్పు ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం. మూడు నుంచి ఎనిమిదేళ్ల వయసు పిల్లలకు ఆటపాటల ద్వారానే చదువుకు పునాది వేయాలని 2020 జాతీయ విద్యా విధానం చెప్పింది. ఆ దశ కోసం 2022 అక్టోబరులో ప్రత్యేకంగా పాఠ్యప్రణాళిక చట్రం వచ్చింది. బొమ్మలు, పజిళ్లు, కథల పుస్తకాలు నింపిన 'జాదూయీ పిటారా' పెట్టెను 2023 ఫిబ్రవరిలో కేంద్రం విడుదల చేసింది. తెలంగాణలో చదవడం, రాయడం, చతుర్విధ ప్రక్రియలు (కూడిక, తీసివేత, గుణకారం, భాగహారం) సరిగ్గా రాని ప్రాథమిక తరగతుల పిల్లల కోసం 2022లో తొలిమెట్టు మొదలైంది. 2025లో కొన్ని ప్రాథమిక పాఠశాలల్లో కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి చదవడం, లెక్కలు సాధన చేయించే ఏఐ ఆధారిత కార్యక్రమం కూడా వచ్చింది. బెట్టింగ్ సంగతి పూర్తిగా వేరు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసింది. వినోదం కోసమో చదువు కోసమో ఉండే, డబ్బు పందెం లేని ఆటలను ఆ చట్టమే విడిగా చూసింది.

ఆట వేరు, స్టార్లు వేరు, సిమ్యులేషన్ వేరు

బళ్లలో 'ఆట' అన్న ఒక్క పేరు మీద మూడు రకాల పనులు నడుస్తున్నాయి.

మొదటిది నిజంగా ఆటే. దానికి నియమాలుంటాయి, చేరాల్సిన గమ్యం ఉంటుంది. ఒక్కో ఎత్తు వేయడానికి పాఠంలోని విషయం వాడాలి. రెండోది గేమిఫికేషన్. ఇందులో చదువు పాతదే, దాని మీద పాయింట్లు, స్టార్లు, ర్యాంకుల పట్టిక అతికిస్తారు. జవాబు తొందరగా నొక్కినవారికి ఎక్కువ పాయింట్లిచ్చే క్విజ్ యాప్‌లు ఈ కోవలోవి. చదివింది మళ్లీ గుర్తుచేసుకోవడానికి ఇవి బాగానే పనికొస్తాయి. తెలియని విషయాన్ని తెలియజెప్పడం మాత్రం వీటి వల్ల అయ్యే పని కాదు.

మూడోది సిమ్యులేషన్, అంటే నిజంగా జరిగేదానికి ఒక చిన్న నమూనా. నమూనాలో ఒకటి మారిస్తే మిగతావి ఎలా మారతాయో చూస్తాం. ఇందులో గెలుపోటములు ఉండాలన్న నియమం లేదు. దీనికి కంప్యూటర్ కూడా అక్కర్లేదు. సాంఘిక శాస్త్రం క్లాసులో నామినేషన్లు వేయించి, పోలింగ్ ఏజెంట్లను కూర్చోబెట్టి, బ్యాలెట్ పేపర్లు లెక్కబెట్టించే మాదిరి ఎన్నిక మంచి సిమ్యులేషన్. అదే ఎన్నికల గురించి ప్యానెల్ మీద వీడియో వేసి చూపిస్తే అది సిమ్యులేషన్ కిందకు రాదు, ఎందుకంటే అక్కడ పిల్లలు మార్చగలిగింది ఏదీ లేదు.

ఈ మూడింటినీ తూచడానికి ఒక ప్రశ్న ఉంది: ఇందులో ముందుకు పోవాలంటే పిల్ల ఏం ఆలోచించాలి? ఉదాహరణకు ఏడో ఎక్కం నేర్పడానికి ఫోన్లో ఒక ఆట ఉందనుకుందాం. గాల్లో లేచే బుడగల్లో 7 గుణిజాలున్న వాటిని పగలగొట్టాలి. తప్పు బుడగ పగిలినా పాయింట్లు తగ్గవు. పిల్లలు తెలివైనవాళ్లు కాబట్టి నిమిషంలోనే కిటుకు కనిపెడతారు. కనిపించిన ప్రతి బుడగనూ టపటపా కొట్టేస్తారు, స్కోరు అదిరిపోతుంది, ఎక్కం మాత్రం రాదు. తప్పుకు పాయింట్లు పోయే ఒక్క నియమం చేరిస్తే ఆగి లెక్క వేయక తప్పదు. బొమ్మలు, రంగులు, సంగీతం అన్నీ అవే ఉన్నా నేర్చుకునేది మారిపోతుంది.

వైకుంఠపాళిలో లెక్క ఎక్కడుంది?

చిన్నపిల్లల లెక్కల మీద జరిగిన ఒక ప్రయోగం ఈ సంగతిని చాలా స్పష్టంగా చూపింది. అమెరికాలో రాబర్ట్ సీగ్లర్, గీతా రమణి 2008లో బడి వయసు రాని పేద పిల్లలతో ఒక బల్ల ఆట ఆడించారు. వరసగా 1 నుంచి 10 దాకా గళ్లు, ముల్లు తిప్పితే ఒకటో రెండో పడుతుంది, అన్ని గళ్లు కాయ జరపాలి. పదిహేను నిమిషాల చొప్పున నాలుగుసార్లు ఆడారు, మొత్తం గంట. ఏ అంకె ఎంత పెద్దదో, గీత మీద ఎక్కడుండాలో చెప్పడంలో ఆ పిల్లలు బాగా మెరుగయ్యారు. అదే ఆటను అంకెలు లేకుండా రంగుల గళ్లతో ఆడిన పిల్లల్లో ఆ మార్పు రాలేదు. తర్వాత గళ్లను గుండ్రంగా పేర్చి చూస్తే తిన్నటి వరస ఇచ్చినంత ఫలితం రాలేదు.

2014లో ఎలిడా లాస్కీ, సీగ్లర్ 100 గళ్ల బల్లతో ఇంకో చిన్న తేడాను పరీక్షించారు. కాయ 47 దగ్గరుంది, నాలుగు పడింది అనుకుందాం. ఒక పిల్ల "ఒకటి, రెండు, మూడు, నాలుగు" అంటూ జరుపుతుంది. ఇంకో పిల్ల "నలభై ఎనిమిది, నలభై తొమ్మిది, యాభై, యాభై ఒకటి" అంటూ జరుపుతుంది. కాయ చేరేది ఒకే గడికి. గడిలోని అంకెను పలుకుతూ జరిపిన పిల్లలకే పెద్ద సంఖ్యల మీద పట్టు వచ్చింది.

మన ఇళ్లలో ఆడే వైకుంఠపాళికి దీన్ని అన్వయించి చూడండి. అందులో వరసలు ఒకసారి ఎడమ నుంచి కుడికి, ఒకసారి కుడి నుంచి ఎడమకు పోతాయి. సంఖ్యలు చదవడం అప్పుడప్పుడే వస్తున్న ఆరేళ్ల పిల్లకు ఇది కొంత తికమకే. గెలుపు అంతా గవ్వల చేతిలోనో పాచిక చేతిలోనో ఉంటుంది, పాములూ నిచ్చెనలూ లెక్క చూసి రావు. కాబట్టి వైకుంఠపాళి ఆడిస్తే లెక్కలు వస్తాయని గుడ్డిగా అనలేం. కానీ పక్కన కూర్చున్న టీచర్ "గళ్ల అంకెలు పలుకుతూ జరుపు" అంటే, పాము మింగినప్పుడు "62 నుంచి 19కి జారావు కదా, ఎన్ని గళ్లు పోయినయ్?" అని అడిగితే అదే అట్ట మీద కూడిక, తీసివేత నడుస్తాయి. చదువు పుట్టింది నోటితో పలికించిన ఆ మాటల దగ్గర. అట్టను మాత్రమే కొని పంపిణీ చేసే పథకాలు అనుకున్న ఫలితం ఇవ్వకపోతే కారణం చాలావరకు ఇక్కడే దొరుకుతుంది.

నాలుగు గవ్వలు, పదో తరగతి సంభావ్యత

పై తరగతులకు ఆటలు పనికిరావన్న మాట ఒకటుంది. అష్టాచెమ్మా దానికి మంచి జవాబు. బతుకమ్మ సెలవుల్లో అరుగుల మీద సుద్దతో గీసుకుని ఆడే 25 గళ్ల ఆట ఇది. నాలుగు గవ్వలు వేస్తారు, ఎన్ని వెల్లకిలా పడితే అన్ని గళ్లు. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మ, అంటే నాలుగు. నాలుగూ బోర్లా పడితే అష్ట, అంటే ఎనిమిది. చెమ్మ, అష్ట రెండింటికీ ఇంకోసారి వేసే అవకాశం వస్తుంది.

సంభావ్యత పాఠంలో నాణేలు ఎగరేసినట్టే దీన్నీ లెక్కకట్టవచ్చు. ఒక్కో గవ్వ రెండు రకాలుగా పడుతుంది, నాలుగు గవ్వలకు 2×2×2×2, మొత్తం 16 పర్యవసానాలు. అందులో ఒకటి పడేవి 4, రెండు పడేవి 6, మూడు పడేవి 4. చెమ్మకు 1, అష్టకు 1. ఒక్కో పందేనికి, అంటే గవ్వలు ఒకసారి వేస్తే, సగటున ఎన్ని గళ్లు? 1×4, 2×6, 3×4, 4×1, 8×1 కలిపితే 40, దాన్ని 16తో భాగిస్తే 2.5. ఇంట్లో ఉన్న కాయ బయటి చుట్టులో 15 గళ్లు, లోపలి చుట్టులో 8, చివరికి నట్టనడి గడి, మొత్తం 24 అడుగులు వేస్తే పండుతుంది. అంటే అదనపు పందేలు, కాయలు చంపుకోవడం పక్కన పెడితే సుమారు పది పందేలకు ఒక కాయ పండాలి. పిల్లలకు ఈ ఆట ఒంటబట్టినదే కాబట్టి "పది పందేలకా? అవునా?" అని వాళ్లే లెక్క సరిచూసుకోవడానికి దిగుతారు.

ఇక్కడిదాకా కాగితం మీది లెక్క. అసలు పాఠం గవ్వలు చేతికిచ్చాక మొదలవుతుంది. క్లాసును ఎనిమిది జట్లు చేసి ఒక్కో జట్టుతో 20 సార్లు వేయిస్తే మొత్తం 160. లెక్క ప్రకారం అష్ట 10 సార్లు, చెమ్మ 10 సార్లు, ఒకటి, మూడు 40 సార్ల చొప్పున, రెండు 60 సార్లు రావాలి. కానీ గవ్వ నాణెం లాంటిది కాదు, దాని వీపు ఉబ్బెత్తుగా, నోరు చదునుగా ఉంటుంది. రెండు వైపులా సమానంగా పడుతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. ఒక్కో గవ్వ వెల్లకిలా పడే అవకాశం సగానికి బదులు 0.4 అనుకుంటే అష్ట పడే సంభావ్యత 0.6ను నాలుగుసార్లు గుణిస్తే వచ్చే 0.1296. అంటే 160లో దాదాపు 21 సార్లు. చెమ్మ 0.0256కు, అంటే నాలుగుసార్లకు పడిపోతుంది. 0.4కు, 0.5కు మధ్య ఉన్నంత చిన్న తేడాకే అష్ట రెట్టింపైంది!

జట్లు రాసుకున్న అంకెలు బోర్డు మీదికి ఎక్కినప్పుడు కాగితం మీది లెక్కకూ వాటికీ తేడా కనిపిస్తుంది. అప్పుడు పిల్లల్లో ఎవరో ఒకరు "గవ్వలు సమానంగా లేవు సార్" అంటారు. సైద్ధాంతిక సంభావ్యతకు, ప్రాయోగిక సంభావ్యతకు తేడా ఏమిటన్న రెండు మార్కుల ప్రశ్నకు బట్టీపట్టిన జవాబు కంటే ఆ ఒక్క మాట విలువైనదని నేను నమ్ముతాను. తర్వాత అవే జట్లకు నాలుగేసి రూపాయి బిళ్లలిచ్చి వేయిస్తే అంకెలు 10, 40, 60ల దగ్గరకు వస్తాయి. గవ్వలతో ఒకలా, బిళ్లలతో ఒకలా ఎందుకు వచ్చిందో చెప్పగలిగిన పిల్లకు 'సమసంభవ పర్యవసానాలు' (అన్నీ సమానంగా పడే అవకాశం ఉన్నవి) అన్న నిర్వచనం విడిగా చెప్పాల్సిన పని ఉండదు.

గిన్నెలో గింజలు, భూమిలో నీళ్లు

మునుగోడు, దేవరకొండ, కల్వకుర్తి, నారాయణపేట పల్లెల్లో బోరు ఎండిపోవడం గురించి తెలియని పిల్లలు ఉండరు. భూగర్భ జలాల పాఠాన్ని ఆటగా మార్చిన ఒక ఉదాహరణను కాస్త నెమ్మదిగా చూద్దాం. అంకెలు నమూనా కోసం నేను పెట్టుకున్నవి.

ఐదుగురు పిల్లలు ఐదుగురు రైతులు. మధ్యలో ఒక గిన్నె, అందులో 40 చింతగింజలు. అదే అందరి బోర్లకూ కింద ఉన్న నీరు. ప్రతి యాసంగికి ఒక్కొక్కరు చీటీ మీద వరి అనో వేరుశనగ అనో రాసి మూసి పెట్టాలి. వరికి 4 గింజల నీళ్లు కావాలి, ఆదాయం 5. వేరుశనగకు 1 గింజ చాలు, ఆదాయం 3. ఏడాది చివర వాన పడి గిన్నెలోకి 8 గింజలు వస్తాయి. మొత్తం పదేళ్లు ఆడాలి.

ఏ ఒక్కరి లెక్క చూసినా వరే లాభం, 3 కంటే 5 ఎక్కువ. అందరూ వరి వేస్తే మొదటి ఏడాది 20 గింజలు పోతాయి, వానతో కలిపి 28 మిగులుతాయి. రెండో ఏడు కూడా అందరికీ 5 చొప్పున వస్తుంది, గిన్నెలో 16 ఉంటాయి. మూడో ఏడు నలుగురికే నీళ్లు, ఒకరి బోరు వట్టిపోతుంది. నాలుగో ఏడు నుంచి వాన తెచ్చే 8 గింజలే దిక్కు, ఇద్దరికి మాత్రమే వరి పండుతుంది. మొండిగా అలాగే సాగితే పదేళ్లకు ఐదుగురి ఆదాయం కలిపి 140, గిన్నె అడుగంటి ఉంటుంది. దీనికి బదులు ఏటా ఒకరు వంతుల ప్రకారం వరి, నలుగురు వేరుశనగ వేస్తే నీళ్లు 4+4, సరిగ్గా వాన తెచ్చినన్ని. ఆదాయం ఏటా 17, పదేళ్లకు 170, గిన్నెలో 40 గింజలు ఎప్పటిలాగే ఉంటాయి.

ఈ రెండో దారి ఉందని ఎవరూ చెప్పకుండా పిల్లలు కనుక్కుంటారా? మొదటి ఆటలో మాట్లాడుకోవద్దని నియమం పెట్టి, రెండో ఆటలో మాట్లాడుకోనిస్తే ఆ తేడా బయటపడుతుంది. వంతులు పెట్టుకోవాలంటే ఒప్పందం కావాలి. ఒప్పందం తప్పి దొంగచాటుగా వరి రాసినవాళ్లను ఏం చేయాలన్న గొడవ వస్తుంది, లొల్లి అవుతుంది. పౌరశాస్త్రం మొదలయ్యేది ఆ లొల్లిలోంచే. అంతర్జాతీయ ఆహార విధాన పరిశోధన సంస్థ, ఫౌండేషన్ ఫర్ ఎకలాజికల్ సెక్యూరిటీ కలిసి ఇదే తరహా పంటల ఆటను ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో రైతులతోనే ఆడించాయి. ఆట ముగిశాక ఊరంతా కూర్చుని మాట్లాడుకునేవారు. ఆట ఆడిన ఊళ్లు తర్వాత నీటి లెక్కల రిజిస్టర్లు, వాడకానికి కట్టుబాట్లు పెట్టుకునే అవకాశం మిగతా ఊళ్ల కంటే ఎక్కువగా ఉన్నట్టు పరిశోధకులు గమనించారు.

చిక్కు కూడా ఇక్కడే ఉంది. నమూనా ఎప్పుడూ నిజం కంటే చిన్నది. నల్లగొండ, పాలమూరు నేల కింద ఉన్నది చాలాచోట్ల గ్రానైట్ లాంటి గట్టి రాయి. నీళ్లు రాతి పగుళ్లలో నిలుస్తాయి. అందుకే ఒక రైతు బోరులో నీళ్లు పడి, గట్టు అవతలి రైతు బోరు వట్టిపోతుంది. గిన్నెలో ఇది కనిపించదు. వ్యవసాయానికి 2018 జనవరి నుంచి అమలైన 24 గంటల ఉచిత కరెంటు, వరికి ఉన్న మద్దతు ధర, కొనుగోలు కేంద్రాలు, సాగర్ ఎడమ కాలువ కింద ఒక ఊరు, కాలువ అందని పక్క ఊరు, ఇవేవీ గిన్నెలో లేవు. నీటిలోని ఫ్లోరైడ్ ఊసే లేదు, మర్రిగూడ వైపు పిల్లలకు అది ఇంట్లో పెద్దల వంకర కాళ్లలో కనిపించే విషయం.

ఇవి చెప్పకుండా ఆట ముగిస్తే పిల్ల ఇంటికి వెళ్లి "నాయినా, నువ్వు వరి వేసినందుకే బోరు ఎండింది" అంటుంది. నాలుగు బోర్లు వేసి అప్పులపాలైన తండ్రికి ఆ మాట ఎంత తగులుతుందో ఊహించవచ్చు. పైగా అది సగం నిజమే. అందుకే సిమ్యులేషన్ తర్వాత అడగాల్సిన ప్రశ్నల్లో "ఈ ఆటలో లేనిది ఏమిటి?" అన్నదాన్ని నేను అన్నిటికంటే ముందు పెడతాను. గిన్నె ఎందుకు తప్పో చెప్పగలిగిన పిల్లకు భూగర్భ జలం గురించి గిన్నె నేర్పినదానికంటే ఎక్కువ తెలుసు.

తెర మీద వెలిగే బల్బు

కంప్యూటర్ సిమ్యులేషన్లలో టీచర్లకు బాగా తెలిసినది ఫెట్. నోబెల్ బహుమతి పొందిన భౌతిక శాస్త్రవేత్త కార్ల్ వీమన్ 2002లో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో దీన్ని మొదలుపెట్టారు. ఉచితం. ఒకసారి దించుకుంటే నెట్ లేకపోయినా నడుస్తుంది, కొన్నిటికి తెలుగు అనువాదాలూ ఉన్నాయి. మన దేశంలో అమృత విశ్వవిద్యాపీఠం, కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ సీ-డాక్ కలిసి తయారుచేసిన ఓల్యాబ్స్ పాఠ్యపుస్తకంలోని ప్రయోగాలను తెర మీద చేయిస్తుంది. టాటా ట్రస్ట్స్, టాటా సామాజిక శాస్త్రాల సంస్థ, అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయం కలిసి నడిపిన క్లిక్స్ కార్యక్రమం తెలంగాణ సర్కారు హైస్కూళ్లకూ వచ్చింది. చతుర్భుజాల గుణాల మీద తర్కం చేయించే 'పోలీస్ క్వాడ్' ఆట అందులోదే.

తెర మీది ప్రయోగం అసలు ప్రయోగానికి సాటి వస్తుందా అన్నది పాత వాదమే. 2005లో కొలరాడోలో కాలేజీ విద్యార్థులను రెండు గుంపులు చేసి, ఒకరికి నిజమైన వైర్లు, బల్బులు, ఇంకొకరికి తెర మీది సర్క్యూట్ ఇచ్చారు. విషయం అర్థం కావడంలో, చివరికి నిజమైన సర్క్యూట్ కట్టడంలో కూడా తెర మీద నేర్చినవారే ముందున్నారు. కారణం ఊహించవచ్చు. నిజమైన వైరు లూజై బల్బు వెలగకపోతే లోపం వైరుదో, మన ఆలోచనదో తెలియదు. తెర మీద వైరు లూజు కాదు, కరెంటు పారడం కంటికి కనిపిస్తుంది.

అయితే కంటికి కనిపించేలా గీసినదాంట్లోనే ప్రమాదమూ ఉంది. తెర మీద ఎలక్ట్రాన్లు నీలి గోళీల్లా వరసగా పోతాయి. ఎలక్ట్రాన్లు నీలంగా, గుండ్రంగా ఉంటాయని పిల్ల అనుకుంటే తప్పు పిల్లది కాదు. పైగా వైరు చెక్కడం, సెల్లు వేడెక్కడం, స్విచ్ దగ్గర జాగ్రత్త పడటం తెర నేర్పదు. రెండు బల్బులు, ఒక సెల్లు కొనగలిగిన బడిలో ముందు తెర మీద, తర్వాత చేత్తో చేయిస్తే రెండు లాభాలూ దక్కుతాయి. బొత్తిగా ల్యాబ్ లేని బడికి తెరే నయం. ఒక్క ప్యానెల్ ముందు సారే నిలబడి అన్నీ నొక్కుతుంటే యాభై మంది చూస్తూ కూర్చోవడం జరుగుతున్న చోట మాత్రం దాన్ని సిమ్యులేషన్ అని పిలవలేం. "ఇంకో బల్బు కలిపితే వెలుగు పెరుగుతుందా, తగ్గుతుందా? ముందు నోట్స్‌లో రాయండి" అని ఊహ రాయించాక నొక్కితే యాభై మంది తలలూ పనిచేస్తాయి.

పరిశోధనలు ఒకే మాట చెప్పడం లేదు

నెదర్లాండ్స్‌కు చెందిన పీటర్ వౌటర్స్ బృందం 2013లో విద్యా ఆటల మీద వచ్చిన పరిశోధనలను కలిపి చూసింది. మామూలు బోధన కంటే ఆటలతో నేర్చుకున్నది కొంత ఎక్కువ, గుర్తుండటం కూడా ఎక్కువ. ఆట ఒక్కటే ఆడించి వదిలేసిన చోట కంటే మిగతా బోధనతో కలిపిన చోట, ఒకటి కంటే ఎక్కువసార్లు ఆడించిన చోట, జట్లుగా ఆడిన చోట ఫలితం మెరుగు. చాలామంది అనుకునేదానికి ఎదురుగా ఇంకోటి తేలింది: పిల్లల్లో చదువు మీద ఉత్సాహం ఆటల వల్ల చెప్పుకోదగ్గంత పెరగలేదు. 'పిల్లలు ఇష్టపడతారు కాబట్టి ఆటలు' అన్న వాదనకు ఇది దెబ్బే.

మన దేశంలో జరిగినవాటిలో నాకు ముఖ్యమనిపించేది ఢిల్లీ అధ్యయనం. మోయిరా డిల్లన్, ఎలిజబెత్ స్పెల్కీ, ఎస్తేర్ డఫ్లో బృందం ప్రథమ్ సంస్థ నడిపే పూర్వ ప్రాథమిక కేంద్రాల్లో 1,540 మంది పిల్లలతో చేసి 2017లో ప్రచురించింది. చుక్కల గుంపుల్లో ఏది ఎక్కువో పోల్చడం, ఆకారాల్లో తేడా పసిగట్టడం లాంటి ఆటలు ఆడిన పిల్లల్లో ఆ నేర్పు ఏడాది దాటాక కూడా నిలిచింది. కానీ ఒకటో తరగతికి వెళ్లాక బడి లెక్కల్లో వాళ్లు మిగతావారి కంటే ముందుకు పోలేదు. ఆ ఆటల్లో అంకెలు, గుర్తులు లేవు, బడిలో లెక్క నడిచేదంతా వాటితోనే. ఆటకు, పుస్తకానికి మధ్య వంతెన వేయకపోతే పిల్ల అవతలి ఒడ్డుకు తనంతట తాను చేరుతుందని అనుకోలేం.

గుజరాత్ నుంచి వచ్చిన రెండు ఫలితాలు ఇంకో కోణం చూపుతాయి. వడోదరలో నాలుగో తరగతి పిల్లలకు వారానికి రెండు గంటలు కంప్యూటర్ లెక్కల ఆటలు ఆడిస్తే మార్కులు గణనీయంగా పెరిగాయి. కార్యక్రమం ఆగిన ఏడాదికి ఆ లాభం చాలావరకు కరిగిపోయింది. లీ లిండెన్ 2008లో రాసినదాని ప్రకారం, ఇంకో కార్యక్రమంలో టీచర్ బోధించే సమయాన్ని తీసేసి కంప్యూటర్‌కు ఇచ్చినప్పుడు పిల్లలు మునుపటికంటే తక్కువ నేర్చుకున్నారు. బడి సమయానికి అదనంగా ఇచ్చినప్పుడు లాభపడ్డారు. ఏఐ కార్యక్రమాలు మన బళ్లలోకి వస్తున్న ఈ సమయంలో గుర్తు పెట్టుకోవాల్సిన తేడా ఇది. టీచర్ పోస్టు ఖాళీగా ఉన్న బడికి ట్యాబ్ పంపడం, టీచర్ ఉన్న బడికి ట్యాబ్ తోడివ్వడం ఒకటే అవుతాయని ఆశించకూడదు.

టీచర్ల అభ్యంతరాలు

ఆటలు వద్దనే టీచర్లను పాతకాలం వాళ్లని కొట్టిపారేయడం అన్యాయం. పీరియడ్ ముప్పావు గంట. గింజలు పంచి, నియమాలు చెప్పి, ఆడించి, లొల్లి ఆపి, మాట్లాడించేసరికి గంట కొడతారు. పదో తరగతికి సిలబస్ పూర్తి కాలేదన్న టెన్షన్ ఉంటుంది, ఫలితాల శాతం అడిగేది ఆ టీచర్‌నే. ఇద్దరు టీచర్లే ఐదు తరగతులు నడిపే బడిలో ఒక తరగతి ఆడుతుంటే పక్క తరగతి ఎలా చదవాలి? కొత్త విషయాన్ని మొదట సూటిగా చెప్పి, సాధన చేయించడమే మేలని, మార్గదర్శనం లేకుండా పిల్లలనే కనుక్కోమంటే వెనుకబడినవారు ఇంకా వెనుకబడతారని కిర్ష్నర్, స్వెల్లర్, క్లార్క్ అనే పరిశోధకులు 2006లో గట్టిగానే వాదించారు. ఆ వాదనలో బలం ఉంది.

దీనికి ఆటల వైపు నుంచి వచ్చే జవాబు ఏమిటంటే, అన్ని పాఠాలకూ ఆట అక్కర్లేదు. ఎక్కాలకు సాధన చాలు. సంభావ్యత, ఉమ్మడి వనరులు, విద్యుత్ వలయాలు లాంటి చోట, అంటే ఒకటి మారితే ఇంకోటి ఎలా మారుతుందన్నది మనసుకు పట్టడం కష్టమైన చోట, ఆటకు పెట్టిన సమయం తర్వాత మిగిలివస్తుంది.

ఇంకో సంగతి తక్కువగా చర్చకు వస్తుంది. జట్టులో మౌస్ ఎవరి చేతిలో ఉంటుంది? చాలా క్లాసుల్లో చురుకైన ఒక అబ్బాయి చేతిలో. అమ్మాయిలు పట్టిక రాస్తారు. వేగంతో గెలిచే ఆటలో నెమ్మదిగా ఆలోచించే పిల్ల ప్రతిసారీ ఓడిపోతుంది, నాలుగోసారికి తనకు లెక్కలు రావని నిర్ణయించుకుంటుంది. వంతులు మార్చడం, జట్టు మొత్తానికి ఒకే స్కోరు పెట్టడం లాంటివి ఆట నియమాల్లోనే ఉంటే ఇది కొంత తగ్గుతుంది.

నేర్చుకున్నారో లేదో తెలిసేది ఎలా?

మన బళ్లలో ఎఫ్ఏలో, అంటే ఏడాది మధ్యలో జరిగే నిర్మాణాత్మక మూల్యాంకనంలో, పిల్లల భాగస్వామ్యం, రాత పనులు, ప్రాజెక్టు పనులు, లఘు పరీక్ష (స్లిప్ టెస్టు) అని నాలుగు భాగాలున్నాయి. ఆటను భాగస్వామ్యం కింద వేసి, హుషారుగా ఆడినవారికి మార్కులు పెంచేయడం తేలిక. హుషారును చూసి చదువు వచ్చిందని అనుకోవడం ఈ పద్ధతిలో ఎక్కువగా జరిగే పొరపాటు.

గింజల ఆటనే తీసుకోండి. మరుసటి రోజు స్లిప్ టెస్టులో ఒకే ప్రశ్న ఇవ్వవచ్చు: "వానతో 8కి బదులు 11 గింజలు వస్తే, గిన్నె తగ్గకుండా ఏటా ఎంతమంది వరి వేయవచ్చు? 6 వస్తే?" వరి వేసేవారు ఎంతమందైనా, అందరికీ తలా ఒక గింజ చొప్పున 5, వరి వేసిన ఒక్కొక్కరికి అదనంగా 3 పోతాయని పట్టుకున్న పిల్ల 11కు ఇద్దరు, 6కు ఎవరూ వేయకూడదు అని రాస్తుంది. "ఎనిమిదికి ఒకరు కదా, పదకొండుకూ ఒకరే" అని రాసిన పిల్ల ఆటను గుర్తుపెట్టుకుంది, లెక్కను పట్టుకోలేదు. రెండో ప్రశ్నగా "మీ ఊళ్లో ఈ ఆట నియమాల్లో ఏది సరిపోదు? ఎందుకు?" అని అడిగితే సాగర్ కాలువ కింద ఊరి పిల్ల ఒకటి రాస్తుంది, కాలువ రాని మర్రిగూడ వైపు పిల్ల ఇంకోటి రాస్తుంది. రెండూ సరైనవే కావచ్చు. పదేళ్ల ఆటలో అందరికంటే ఎక్కువ ఆదాయం రాబట్టిన పిల్లకు ఈ రెండు జవాబులూ వచ్చి ఉండాలన్న నియమం లేదు. అందుకే ఆటలో వచ్చిన స్కోరును మార్కుల రిజిస్టర్‌లోకి ఎక్కించకుండా, ఆ తర్వాత రాసిన జవాబుకు మార్కులు వేసే టీచర్లున్నారు.